నెలలు నిండే వేళ నోరు కట్టేసుకోవాలా?

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కాళ్లు చాపుకుని కూర్చున్న తల్లులు అలాగే కూర్చోండి, నా కోసం సర్దుకోనక్కర్లేదు. మధ్యలో బాత్రూమ్‌కి లేవాలన్నా మొహమాటపడకండి. ఎనిమిదో నెలలో గంటసేపు ఒకేచోట కూర్చోవడం ఎవరివల్లా కాదు.

ఇవాళ మార్చి 10. గర్భిణుల షుగర్ మీద చెన్నైలో దశాబ్దాలపాటు పనిచేసిన డాక్టర్ వి. శేషయ్య గారి పుట్టినరోజు. ఆయన గౌరవార్థమే దేశమంతటా ఈ రోజును గర్భధారణ మధుమేహ అవగాహన దినంగా జరుపుకుంటున్నాం. మీకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి రక్తం తీశారు గుర్తుందా? పరగడుపున రాకపోయినా ఫర్వాలేదన్నారు కదా. ఆ పద్ధతి మన దగ్గర నిలబడటం వెనక ఆయనా, ఆయనతో పనిచేసిన వాళ్లూ పడ్డ శ్రమ ఉంది. ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే గర్భిణిని ఏమీ తినకుండా రమ్మంటే, రెండోసారి రాదు. ఆ కష్టం తెలిసినవాళ్లు తెచ్చిన పరీక్ష అది. అందులో 140 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టు లెక్క.

రిపోర్టు ఇంటికి చేరాక జరిగేది వేరే కథ. ఆ రాత్రికే అన్నం గిన్నె మాయమైపోతుంది. ఒక పుల్కా, ఉప్పూ కారం తగలని సొరకాయ కూర కంచంలోకి వస్తాయి. అత్తగారేమో "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివమ్మా" అంటారు. అమ్మేమో ఫోన్లో "ఇద్దరి కోసం తినాల్సిన పిల్లవి, ఇలా ఎండిపోతే ఎలా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. భర్త వాట్సాప్‌లో వచ్చిన వీడియోలన్నీ చూసి ఏవేవి తినకూడదో జాబితా తయారుచేస్తాడు. వీళ్లందరి మధ్యా ఆకలితో ఉన్న పిల్ల రాత్రి పదకొండింటికి వంటింట్లో చప్పుడు కాకుండా బిస్కెట్ ప్యాకెట్ విప్పుతుంది. ఆ పిల్లని నేనేమీ అనను. మూడు నెలలు రుచీ పచీ లేని తిండి పెడితే ఎవరైనా అదే చేస్తారు. తినే తిండి బాగుంటేనే పథ్యం నిలుస్తుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే.

అసలు ఈ షుగర్ ఎందుకొచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. కడుపులో బిడ్డకి తిండి అందించే మాయ కొన్ని హార్మోన్లను తయారుచేస్తుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ పనిని తల్లి ఒంట్లో అవి అడ్డుకుంటాయి. ఆరో నెల నుంచి ఈ అడ్డు పెరుగుతూ పోయి, 32 నుంచి 36 వారాల మధ్య బాగా ఎక్కువవుతుంది. "మేడమ్, పోయిన నెల ఇవే రెండు ఇడ్లీలు తింటే 112 వచ్చింది, ఇప్పుడు 136 వస్తోంది, నేనేం తప్పు చేశాను?" అని అడుగుతుంటారు. తప్పేమీ లేదమ్మా. నెలలు పెరిగాయి, మాయ పెరిగింది. తిండి సరిచేసుకున్నా అంకె దిగకపోతే డాక్టరు మందో ఇన్సులినో రాస్తారు. అది మీరు ఫెయిలైనందుకు వేసే శిక్ష కాదు. మీ రక్తంలో గ్లూకోజ్ బిడ్డకి చేరుతుంది గానీ మీ ఇన్సులిన్ చేరదు. అందుకే ఎక్కువైన చక్కెరను సర్దుకోవడానికి బిడ్డే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుని, లావెక్కుతుంది. కాన్పు కష్టమవుతుంది. పుట్టిన కొన్ని గంటల్లో బిడ్డకి షుగర్ పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. మనం అంకెల వెంట పడేది ఇందుకే. పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు ఉంటే మంచిది. మీ డాక్టరు మీకంటూ వేరే లెక్క చెప్పి ఉంటే అదే పాటించండి.

ఇక కంచం దగ్గరికి వద్దాం.

రోజు మొత్తంలో మొండిది పొద్దుటి టిఫిన్. తెల్లవారుజామున ఒంట్లో ఊరే హార్మోన్ల వల్ల ఆ పూట ఇన్సులిన్ ఇంకా మందకొడిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం ఏ గొడవా చేయని తిండే పొద్దున అంకెను ఎగదోస్తుంది. నాలుగు ఇడ్లీలు, పలచటి చట్నీ, ఆపైన పంచదార కాఫీ అంటే చిక్కే. రెండు ఇడ్లీలు వేసుకుని, ములక్కాడా గుమ్మడికాయా సొరకాయా ముక్కలు దండిగా ఉన్న సాంబారు గిన్నెడు, గట్టి పల్లీ పచ్చడి, గుడ్డు తినేవాళ్లయితే ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. కడుపు నిండుతుంది, అంకె కూడా మాట వింటుంది. పెసరట్టు అయితే మరీ మంచిది. పొట్టు పెసలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి కాల్చుకోండి. కరకరలాడాలని పిండిలో గుప్పెడు బియ్యం వేస్తారే, దాన్ని చెంచాకి తగ్గించండి. లోపల ఉప్మా పెట్టే ఎమ్మెల్యే పెసరట్టు మాత్రం వద్దు. ఎమ్మెల్యే గారిని కాన్పయ్యాక పిలుద్దాం.

రాగిజావ గురించి ఒక మాట. "రాగులు షుగర్‌కి మంచివి కదా" అని పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగి, రెండు గంటలకి అంకె చూసి బెంబేలెత్తిపోతారు. రాగులు మంచివే. కానీ మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో బాగా ఉడికించాక నమలాల్సింది ఏమీ మిగలదు, గబగబా అరిగిపోతుంది. అదే పిండితో ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె కాల్చుకుని పెరుగుతో తినండి. తేడా మీకే తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనం చూద్దాం. మన తెలుగు భోజనంలో అన్నం ఒకసారి తినం, నాలుగుసార్లు తింటాం. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి ఇంకొంత. ప్రతిసారీ "కొంచెమే" అనుకుంటాం. అందుకే ముందే ఒక చిన్న కప్పుతో అన్నం కొలిచి కంచంలో ఓ పక్కన పెట్టుకోండి. దాన్ని అప్పుడే ముట్టుకోకండి. ముందు గుత్తివంకాయ ఒట్టిదే తినండి. నిజానికి దాని రుచి అన్నంలో కలపనప్పుడే బాగా తెలుస్తుంది. దొండకాయ వేపుడో బీరకాయ కూరో ఏదున్నా అంతే. గోంగూర పప్పు చెంచాతో తినండి, చేపల పులుసు ఉంటే ముక్కలు ముందు ఖాళీ చేయండి. ఆ తర్వాత అన్నాన్ని పప్పుకీ పెరుగుకీ పంచుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. కూరా పప్పూ ముందు వెళ్లి, అన్నం వెనకాల వెళితే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. నెలలు నిండినప్పుడు కడుపు పైకి నొక్కి గుండెల్లో మంట పెడుతుంది కదా, కొద్దికొద్దిగా, నిదానంగా తినే ఈ పద్ధతి దానికీ హాయి.

ఆవకాయ తినొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తున్నా. ఒక బద్ద తినండి. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు గురించి డాక్టర్ని అడగండి. షుగర్‌కి సంబంధించినంత వరకు ఆవకాయ తప్పేమీ లేదు, దాని వెంట వచ్చే మూడో విడత అన్నంతోనే పేచీ.

అన్నం పూర్తిగా మానేయకండి. గర్భిణికి రోజుకి కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలి. అదీ లేకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెట్టి కీటోన్లు తయారవుతాయి, అది బిడ్డకి మంచిది కాదు. అలాగని ఇద్దరి కోసం తినాల్సిన అవసరమూ లేదు. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకి 350 కేలరీలు. అంటే గ్లాసుడు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు. అంతే! తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో భోజనంతో పాటు గుడ్డూ, పాలూ ఇస్తారు. సిగ్గుపడి మానేయకుండా వెళ్లి తినండి.

భోజనం అయ్యాక డాక్టరు వద్దనకపోతే పది పదిహేను నిమిషాలు నడవండి. వరండాలో అటూ ఇటూ నడిచినా చాలు.

ఇప్పుడు అసలు బాధ. ఇంకొద్ది రోజుల్లో ఉగాది, వెనకాలే మామిడిపళ్లు. మీలో చాలామందికి సీమంతాలు కూడా ఉంటాయి. ఉగాది పచ్చడి రెండు చెంచాలు తినండి, వేపపువ్వు మాత్రం మీ వంతుకి ఎక్కువ పడేలా చూసుకోండి! బొబ్బట్టు సగం, అదీ కూరా పప్పూ తిన్నాక, ఆ పూట అన్నం తగ్గించుకుని. ఖాళీ కడుపున వద్దు. సీమంతంలో చలిమిడి దగ్గరే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే వచ్చిన ప్రతి ముత్తయిదువా తన చేత్తో ఒక ముద్ద పెట్టాలనుకుంటుంది. పెద్దవాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: ఒకరే చిటికెడు పెట్టండి, మిగతావాళ్లు అక్షింతలు వేయండి. చలిమిడి ఎలాగూ అందరికీ పంచేదే కదా. బెల్లంతో చేశాం, తాటిబెల్లంతో చేశాం, తేనె వేశాం అని నచ్చజెప్పకండి. షుగర్ చూసుకునే మీటర్‌కి అవన్నీ చక్కెరే. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న బిస్కెట్ కూడా అంతే, లోపల ఉన్నది మైదా.

మామిడిపండు భోజనం మీద వద్దు. సాయంత్రం అయిదింటప్పుడు బంగినపల్లి రెండు మూడు ముక్కలు, తోడుగా నాలుగు బాదం పప్పులో గుప్పెడు పల్లీలో తినండి. రసాలు జుర్రుకుంటే ఎంత తిన్నామో కొలత ఉండదు, కాబట్టి ఈ ఏడాదికి కోసుకునే పండుతో సరిపెట్టుకోండి. తిన్నాక పరీక్ష చేసేటప్పుడు సబ్బుతో చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆరాక వేలు గుచ్చండి. పండు కోసిన చేత్తో అలాగే గుచ్చితే స్ట్రిప్ మీద పడే రక్తంలో వేలికంటిన రసం కూడా కలుస్తుంది, మీటర్ రెండొందలు చూపించినా ఆశ్చర్యం లేదు. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. స్పిరిట్ దూది పైపైన రాస్తే ఆ తీపి పోదు, నీళ్లూ సబ్బూ కావాలి. వేలి కొసన కాకుండా పక్కగా గుచ్చండి, నొప్పి తక్కువ.

ఒక నోటుబుక్ పెట్టుకుని అంకె పక్కన ఏం తిన్నారో, ఎంత తిన్నారో కూడా రాయండి. ఒకే చట్నీ, ఒకే దోసె ఒకరికి పడుతుంది, ఇంకొకరికి పడదు. పక్కింటావిడ మాటా, నా మాటా కన్నా మీ నోటుబుక్ మాటే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఇష్టమైన వంటకం ఒకసారి ఎక్కువ చూపిస్తే కొట్టేయకండి. సగం తిని చూడండి, గుడ్డు తోడు పెట్టి చూడండి, సాయంత్రానికి మార్చి చూడండి.

పరగడుపు అంకె మాత్రం తిండితో అంతగా లొంగదు. అది తగ్గాలని రాత్రి పస్తు పడుకోకండి. వరసగా 95 దాటుతుంటే డాక్టరుకి చెప్పండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి చెమటలు పట్టి, చేతులు వణికి, రీడింగ్ 70 లోపుకి పడితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. అప్పుడు చక్కెరే మందు. తొమ్మిదో నెలలో అదే తిండీ, అదే డోసు ఉండగా షుగర్ ఒక్కసారిగా బాగా పడిపోయినా, బిడ్డ కదలికలు తగ్గినా మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

కాన్పయి మాయ పడిపోగానే చాలామందికి షుగర్ మామూలైపోతుంది. అయినా ఆరు వారాలకి మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే ముందు ముందు షుగర్ వ్యాధి వచ్చే అవకాశం మీకు మిగతావాళ్ల కన్నా ఎక్కువ. పురిటి హడావిడిలో అందరూ మర్చిపోయేది ఇదే. బిడ్డకి ఆరు వారాల టీకా ఎలాగూ వేయిస్తారు కదా, ఆ రోజే మీ పరీక్షా పెట్టుకోండి. టీకా కార్డు మీద ఆ తేదీ పక్కన ఇప్పుడే "అమ్మకి షుగర్ పరీక్ష" అని రాసిపెట్టమని మీ ఇంట్లో వాళ్లకి చెప్పండి.

ఇక ప్రశ్నలు అడగండి. మీటర్ తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి, సబ్బూ నీళ్లూ ఇక్కడే పెట్టించాను.