ఇసుకలో దాచిన నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

చెలమ అనే మాట ఈ కాలం పిల్లల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. ఎండాకాలం ఏరు ఎండిపోయాక ఇసుకలో మోకాటి లోతు గుంట తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడి బిందెలో పోసుకునేవాళ్లు. మా అమ్మమ్మ మొదటి నాలుగు చిప్పలూ పారబోసేది. “తేరుకోనీరా, ఏం తొందర!” అనేది.

ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం పెన్నానది సంగతి కాదు, కెన్యా సంగతి. నైరోబీకి ఆగ్నేయంగా అరవై కిలోమీటర్లు పోతే మచాకోస్, ఆ పక్కన మకువేని, కిటుయి. కాంబా జనం ఉండే మెట్ట సీమ అది. అక్కడ ఏటా రెండు వానాకాలాలు: మార్చి నుంచి మే దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకటి. రెండు అంటే వినడానికి బాగానే ఉంది. రెండూ మొహం చాటేసిన ఏళ్లూ ఉన్నాయి. వాన పడితే ఏరు ఉరికి వస్తుంది, నాలుగు రోజులకు ఉత్త ఇసుక మిగులుతుంది. అప్పుడు అక్కడి ఆడవాళ్లు ఏం చేస్తారు? చెలమ తవ్వుతారు. అవునండీ, మన చెలమే! నీళ్లు ఇరవై లీటర్ల డబ్బాలకు పట్టి, గాడిద ఉంటే గాడిద మీద, లేకపోతే నుదుటికి పట్టీ వేసి వీపున మోసుకుపోతారు.

1978లో ఉటూని అనే చోట జాషువా ముకుస్యా అనే ఆయన ఇరుగుపొరుగును కూడగట్టి ఒక బృందం పెట్టారు. ఏటికి అడ్డంగా గోడలు కట్టడంలో ఆ బృందానికి పేరొచ్చింది. ఈ గోడ ఆయన కనిపెట్టింది కాదు, తెల్లదొరల కాలంలోనూ కొన్ని కట్టారు. అయినా ఊరివాళ్లు తమదిగా చేసుకున్నాకే అది ఊరూరా పాకింది.

ఆ గోడ పనితీరు నాకు భలే ఇష్టం, కాస్త నిదానంగా చెప్పనివ్వండి. ఏరు ఎండినప్పుడు, రాయి తగిలేదాకా ఇసుక తోడతారు. పునాది ఆ రాతి మీదే పడాలి. అక్కడ కక్కుర్తి పడితే నీళ్లు గోడ కిందనుంచే జారిపోతాయి. రాతి మీంచి ఒడ్డుకూ ఒడ్డుకూ గోడ లేపుతారు. వాన వస్తుంది. వరద ఇసుకనూ బురదనూ కలిపి మోసుకొస్తుంది. బరువైన ఇసుక గోడ వెనక ఆగుతుంది, తేలికైన బురద గోడ దూకిపోతుంది. మళ్లీ వాన, మళ్లీ ఇసుక. రెండు మూడు వానాకాలాలకు గోడ అంచుదాకా ఇసుకే. మన చెరువుల్లో మేట పడితే నెత్తిన చేతులు పెట్టుకుంటాం, వాళ్లు మేట పడిందని సంబరపడతారు!

ఎందుకంటే నీళ్లన్నీ ఆ మేటలోనే ఉన్నాయి. ఇసుక గరుకుగా ఉంటే నూటికి పాతిక నుంచి నలభై పాళ్లు నీళ్లు పట్టుకుంటుంది. లోపలి నీళ్లను ఎండ తాగలేదు, దోమ గుడ్లు పెట్టలేదు, గొడ్డు దిగి కలచలేదు. పైగా ఇసుకే వడపోత.

కట్టేది ఎవరంటే, మ్వెథ్యా. మన పల్లెల్లో బదుళ్లు పెట్టుకోవడం లాంటిది, ఇవాళ నీ పొలంలో, రేపు నా పొలంలో. బృందాల్లో ఆడవాళ్లే ఎక్కువ. రాళ్లు మోసేది ఊరు, ఇసుక ఎత్తేది ఊరు, కలపడానికి నీళ్లు తెచ్చేదీ ఊరే. సిమెంటు, ఇనుము బయటి సంస్థ ఇస్తుంది. ఏరు ఎగువన గట్లు వేసుకునేదీ వాళ్లే. గట్టు లేకపోతే కొండ మట్టి జారివచ్చి మేటంతా బురదవుతుంది, బురద నీళ్లు ఇవ్వదు. గాడి తవ్వి, మట్టిని వాలుకు పై వైపు పోస్తారు. స్వాహిలీలో ఆ పని పేరే ‘ఫన్యా జూ’, పైకి వెయ్యి అని. దొరల ప్రభుత్వం ఇదే గట్ల పని బలవంతాన చేయిస్తే జనం మండిపడ్డారు. మ్వెథ్యాలో వాళ్లే ఇష్టంగా చేశారు. దీని మీద నేను గంట మాట్లాడగలను, నాకిచ్చింది కొద్ది నిమిషాలే.

అందుకని ఒక్క విషయం చెప్పి ఆపుతాను. ఊళ్లలో చెరువు, కుంట పనులు చూసే యువకులు కాగితం మీద రాసుకోండి. తొలి రాయి వేయకముందే, రెండు ఒడ్లలో పొలాలున్నవాళ్లతో ఒప్పందం రాయించుకుంటారు అక్కడ. గోడకు చోటు, నీళ్లకు దారి, అందరికీ. ముందు రాయించుకోకపోతే ఇసుక నిండాక ఒడ్డుమీది ఆసామి కంచె వేస్తే ఎవరేం చేయగలరు?

కంచె ఒకటే కాదు, లారీ కూడా ఉంది. నైరోబీలో మేడలు లేస్తున్న కొద్దీ ఇసుక కోసం లారీలు ఏటి గర్భంలోకి దిగాయి. లారీ ఎత్తుకుపోయిన ఇసుకతో నీళ్లూ పోతాయి. చివరకు మకువేని కౌంటీ 2015లో ఇసుక కాపాడుకోవడానికి చట్టమే చేసింది. పెన్న, చిత్రావతి ఒడ్డున ఉండి ఇది వింటున్నవాళ్లకు లారీల సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సమయం అయిందని అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపుతున్నారు. సెలవు.