పచ్చిక కోసే యంత్రం – కోత ముగిశాక చేయవలసిన పని

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో నైరుతి వానలు వెనుదిరిగీ తిరగకముందే ఈశాన్య వానలు అందుకుంటాయి కనుక, జూన్ నుంచి నవంబరు దాకా పచ్చిక మనకు ఊపిరాడనివ్వదు. మారతహళ్లి సమీపంలోని మా నివాస సముదాయంలో కోత కోయడం తోటమాలి పని, పెట్రోలు మోవరును, అంటే ఆ కోత యంత్రాన్ని, కాపాడుకోవడం కొన్నేళ్లుగా నా పని. మా యంత్రం పనిచేస్తూ చెడిపోయిన సందర్భాలు తక్కువ; పని ముగిశాక మేము దాన్ని అలాగే మూలకు నెట్టినందువల్ల మొరాయించిన సందర్భాలే ఎక్కువ.

యంత్రాన్ని ముట్టుకునే ముందు ఇంజిన్ చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్ మీది తొడుగును ఊడదీయాలి. బ్లేడును చేత్తో తిప్పితే ఇంజిన్ లోపలి భాగాలు కూడా తిరుగుతాయి కనుక, తొడుగు ఉన్నంతవరకు ఇంజిన్ దానంతట అదే స్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంటుంది. ఈ ఒక్క విషయంలో బద్ధకించినవారు వేళ్లు పోగొట్టుకుంటారు. తరువాత, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, ఎయిర్ ఫిల్టర్ పైకి వచ్చేలా యంత్రాన్ని వంచాలి. అది కిందికి వస్తే ఇంజిన్‌లోని ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టరులోకీ, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటరులోకీ దిగి, మరునాడు యంత్రం తెల్లని పొగ కక్కుతుంది.

అడుగున అంటుకున్న గడ్డిని కోసిన రోజే చెక్క ముక్కతో గీకివేయాలి. మరునాటికి అది గోడకు కొట్టిన పిడకలా బిగుస్తుంది. ఆ పేరుకున్న గడ్డి తేమను పట్టి ఉంచి ఇనుప రేకును తుప్పు పట్టిస్తుంది. అంతేకాక, తిరిగే బ్లేడు పుట్టించే గాలి గడ్డిపోచలను నిలబెట్టడానికి కావలసిన చోటును కూడా అదే ఆక్రమిస్తుంది. కోత ఎగుడుదిగుడుగా వస్తోందని బ్లేడును నిందించేవారు ముందు అడుగు భాగాన్ని చూడాలి. నీళ్ల పైపును ఇంజిన్ మీదికి మాత్రం పట్టకూడదు.

1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్, ఉన్ని బట్ట మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి తొలి మోవరును రూపొందించాడు. అది కత్తెరలా కోసేది. మన పెట్రోలు మోవరు నిమిషానికి దాదాపు 3000 సార్లు తిరుగుతూ గడ్డిని కొట్టి తెంచుతుంది. అందువల్ల పదును తగ్గితే పోచల కొసలు చీలి, రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరుగుతాయి. ఆకురాయితో పాత వాలు చెడకుండా, రెండు కొసలనూ సమానంగా పదును పెట్టి, బ్లేడు నడిమి రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడాలి; ఒక వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయడం తగదు, కొత్తది వేయాలి.

ఇంజిన్ ఆయిల్ విషయంలో యంత్రంతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. సాధారణంగా కొత్త ఇంజిన్‌కు తొలి 5 గంటల వాడకం తరువాత ఒకసారి మార్చి, ఆపైన సుమారు 50 గంటలకో, ఏడాదికో మార్చుతారు. భవన నిర్మాణాల దుమ్ము తీరని మన ఊరిలో ఎయిర్ ఫిల్టరును తరచుగా చూడవలసి ఉంటుంది. స్పాంజి రకాన్ని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవచ్చు, కాగితపు రకాన్ని మెల్లగా తట్టి దులపడమే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నిలవ పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు పాతబడితే కార్బ్యురేటరు సన్నని రంధ్రాల్లో జిగురు కడుతుంది. 10 శాతం మించిన ఇథనాల్ వద్దని చెప్పే చిన్న ఇంజిన్ల పుస్తకాలు కూడా ఉన్నాయి కనుక, మీది ఒకసారి చూసుకోండి. నెలకు సరిపడా మాత్రమే కొనడం మంచిది. డిసెంబరులో కోతలు తగ్గగానే మేము ట్యాంకును ఆరుబయట ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు అయిపోయి ఇంజిన్ తనంతట తానే ఆగేదాకా నడిపిస్తాం. తీసిన పెట్రోలు తాజాదైతే ఆ రోజే మా తోటమాలి స్కూటరులోకి పోతుంది.