జపాన్‌లో భాష రాకపోయినా పని ఎలా జరిగింది? అమ్మతో 12 రోజులు తిరిగొచ్చి చేస్తున్న రివ్యూ

నమస్కారం అండీ. గుడులూ, ఫుజి కొండా తర్వాత. ముందు మీకు ఒక మెషిన్ చూపిస్తాను. ఇదిగో, స్టేషన్‌లోంచి బయటికి వచ్చే గేట్లకి కాస్త ఇవతల, గోడ పక్కన ఉంది చూశారా? దీన్ని ఫేర్ అడ్జస్ట్‌మెంట్ మెషిన్ అంటారు. ఎక్కిన చోట ఛార్జీ ఎంతవుతుందో మీకు అర్థం కాలేదనుకోండి, అన్నిటికన్నా తక్కువ ధర టికెట్ కొనుక్కుని లోకల్ రైలెక్కేయొచ్చు. దిగాక ఆ టికెట్ ఇందులో పెడితే ఇంకా ఎంత కట్టాలో తెర మీద చూపిస్తుంది. ఆ తేడా డబ్బులు వేస్తే ఇంకో చీటీ ఇస్తుంది, దాంతో గేటు తెరుచుకుంటుంది. ఫైన్ లేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మొదటి రోజు అమ్మకి నేను కొన్న టికెట్ చాల్లేదు. గేటు మూసుకుంది, ఎర్ర లైటు వెలిగింది, వెనకేమో జనం. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. అక్కడున్న స్టేషన్ ఉద్యోగి ఒక్క మాట కూడా అనకుండా ఈ మెషిన్ వైపు చెయ్యి చూపించారు. నిమిషం తిరిగేసరికి బయట ఉన్నాం. నిజం చెప్తున్నా, ఆ దేశం మీద నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

టోక్యో, క్యోటో, ఒసాకా, మొత్తం 12 రోజులు. నాకు వచ్చిన జపనీస్ మాటలు రెండే, సుమిమాసెన్ అంటే క్షమించండి, అరిగాతో అంటే థాంక్స్. వచ్చాక కూర్చుని ఏది ఎంత ఉపయోగపడిందో రాసుకుంటూ పోతే ఒక సంగతి తేలింది. టూరిస్టుల కోసమని విడిగా పెట్టినవాటికన్నా, అక్కడి వాళ్ళు తమ రోజువారీ అవసరానికి పెట్టుకున్నవే మాకు ఎక్కువ అక్కరకొచ్చాయి. ఇందాకటి మెషిన్ కూడా అలాంటిదే.

రెండోది కార్డు. సుయికా అంటారు, 2001లో టోక్యో చుట్టుపక్కల రైళ్ళ కోసం వచ్చింది. ఒసాకా వైపు ఇకోకా, ఇంకో చోట ఇంకో పేరు. 2013 నుంచి ఇలాంటి 10 కార్డులు ఒకదాని చోట ఒకటి చెల్లుతున్నాయి కాబట్టి ఏది కొన్నా పర్వాలేదు. డిపాజిట్ 500 యెన్, లోపల 20,000 యెన్ దాకా వేసుకోవచ్చు. గేటు మీద ఆనిస్తే చాలు. బస్సుల్లో, సందు చివర కొట్లో, వీధిలో నీళ్ళ సీసా అమ్మే మెషిన్ దగ్గర, సామాను పెట్టుకునే లాకర్ దగ్గర కూడా చాలా చోట్ల ఇదే కార్డు. ఐఫోన్ ఉంటే వాలెట్‌లోనే పెట్టుకోవచ్చు. బయటి దేశాల్లో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు, అలాంటివాళ్ళు ప్లాస్టిక్ కార్డే తీసుకోండి. ఒక జాగ్రత్త. టోక్యోలో కార్డు ఆనించి ఎక్కి, నేరుగా క్యోటోలో దిగి ఆనిస్తానంటే కుదరదు. దూరప్రయాణానికి విడిగా టికెట్ కొనాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఈ వీడియో చేసిందే దీని కోసం. సామాను ముందే పంపించెయ్యడం. అక్కడ తక్క్యుబిన్ అంటారు. యమాటో అనే కంపెనీ 1976 జనవరిలో మొదలుపెట్టింది, మొదటి రోజు వచ్చినవి 11 పార్సిళ్ళే. ఇప్పుడు ఏ వీధిలో చూసినా వాళ్ళ బండి కనిపిస్తుంది, పిల్లని నోట కరుచుకుని వెళ్ళే నల్లపిల్లి బొమ్మతో. గోల్ఫ్ కర్రలు, స్కీయింగ్ సామాను, ఊళ్ళో ఉన్న తల్లి పంపే పళ్ళ పెట్టె, అన్నీ అందులోనే వెళ్తాయి.

మాకు రెండు పెద్ద సూట్‌కేసులు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. టోక్యో హోటల్ రిసెప్షన్‌లో ఉదయం చెప్తే, ఆ అమ్మాయి టేపు తెచ్చి పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచింది. ఆ మూడూ కలిపిన సెంటీమీటర్లని బట్టీ, బరువుని బట్టీ, దూరాన్ని బట్టీ రేటు. క్యోటో హోటల్ అడ్రసు, గది ఎవరి పేరు మీద బుక్ చేశామో, ఏ రోజు దిగుతామో చీటీ మీద రాయించుకుంది. మాకు పెట్టెకి 2,000 యెన్ పైచిలుకు అయ్యింది. ఆ రాత్రికి కావాల్సిన బట్టలు, మందులు, పాస్‌పోర్టు, డబ్బు ఒక చిన్న సంచిలో సర్దుకున్నాం. మర్నాడు సాయంత్రం క్యోటోలో గది తలుపు తీస్తే రెండు పెట్టెలూ గోడ పక్కన నిలబెట్టి ఉన్నాయి. అమ్మ ముందు వెళ్ళి తాళాలు చూసుకుంది, తర్వాత నవ్వింది. ఆ రోజంతా చేతులూపుకుంటూ తిరిగిన సుఖం మాటల్లో చెప్పలేను.

పంపకపోతే ఏమవుతుందంటారా? టోక్యో నుంచి క్యోటో వెళ్ళే షింకాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే, దానికి చోటున్న సీటు ముందే బుక్ చేసుకోవాలి. 2020 నుంచి ఆ రూల్ ఉంది. చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్ కట్టాలి. అందుకే చెప్తున్నా, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మరేది తగ్గించుకున్నా ఈ ఖర్చు మాత్రం తగ్గించుకోకండి.

టూరిస్టుల కోసమే పెట్టింది జేఆర్ పాస్, అంటే జేఆర్ కంపెనీల రైళ్ళలో ఇన్ని రోజులని లెక్కకట్టి ఎన్నిసార్లైనా తిరగనిచ్చే టికెట్. 2023 అక్టోబరులో 7 రోజుల పాస్‌ని 29,650 నుంచి 50,000 యెన్‌లకి పెంచేశారు. టోక్యో, క్యోటో రానూపోనూ విడిగా కొనుక్కుంటే 30,000 యెన్‌లలోపే అవుతుంది. మా ప్రయాణానికైతే అది దండగ. వారంలో నాలుగైదు దూరపు ఊళ్ళు చుట్టేవాళ్ళు లెక్క వేసుకుని చూడండి.

గుర్తుల విషయంలో మాత్రం కథ వేరు, అవి బయటి వాళ్ళని తలుచుకుని చేసినవే. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి ప్రపంచమంతా వస్తుంది, మన అక్షరాలు వాళ్ళకి రావు కదా అని, ఆటలకీ టాయిలెట్లకీ అక్షరం లేకుండా బొమ్మలతో గుర్తులు గీయించారు. 2004లో టోక్యో మెట్రో స్టేషన్లకి నంబర్లు ఇచ్చారు. గింజా లైన్‌కి జి అక్షరం, అందులో షిబుయా జి 01, అసకుసా జి 19. అమ్మకి ఇంగ్లీషు పెద్దగా రాదు. కానీ జి 16, జి 17 అని అంకెలు చూసుకుంటూ "ఇంక రెండే, సంచి తీసుకో" అని నాకు చెప్పడం మొదలుపెట్టింది. బయటికి దారి చూపే బోర్డు పసుపు రంగులో ఉంటుంది, దాని మీద ఎగ్జిట్ నంబరు. షింజుకు లాంటి స్టేషన్‌కి 200 పైగా దారులున్నాయి. హోటల్ బుక్ చేసినప్పుడే ఏ ఎగ్జిట్ దగ్గరో రాసిపెట్టుకోండి.

లిఫ్ట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అన్ని ఎగ్జిట్లకీ లిఫ్ట్ ఉండదు. దగ్గరి దారి అని పరుగెత్తి వెళ్తే ఎదురుగా మెట్లు. స్టేషన్ మ్యాపులో లిఫ్ట్ గుర్తు వెతికి, చుట్టూ తిరిగైనా అటే వెళ్ళండి. అమ్మని ఒక రోజు మూడు అంతస్తుల మెట్లు ఎక్కించాను, ఆ రాత్రి ఆవిడ కాళ్ళు నొక్కుతూ నేర్చుకున్న పాఠం అది.

టాయిలెట్లు స్టేషన్లలో ఉచితం, శుభ్రంగా ఉంటాయి, నీళ్ళ జెట్ కూడా చాలా చోట్ల ఉంది. ఇన్ని బటన్లలో ఫ్లష్ ఏదో తెలియక విదేశీయులు ఇబ్బంది పడుతున్నారని 2017లో తయారీ కంపెనీల సంఘం 8 గుర్తుల్ని అందరికీ ఒకేలా ఖరారు చేసింది. చేతులు తుడుచుకోవడానికి మాత్రం కాగితం చాలా చోట్ల ఉండదు, చిన్న తువ్వాలు జేబులో పెట్టుకోండి.

అలాగే చెత్తబుట్టలు. వీధుల్లో దాదాపు కనిపించవు. 1995లో టోక్యో మెట్రోలో విషవాయువు దాడి జరిగాక చాలా చోట్ల తీసేశారు. ఒక కవర్ దగ్గర పెట్టుకుని చెత్త గదికి తెచ్చుకోవడమే. శాకాహారులకి ఇంకా కష్టం. చూడ్డానికి వట్టి కూరగాయల సూప్‌లా ఉన్నా, దాంట్లో చేపతో కాచిన దాషి నీళ్ళు ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ఆ దేశం సులువని నేను చెప్పలేను. టిప్ ఇవ్వక్కర్లేదు, కుళాయి నీళ్ళు తాగొచ్చు, ప్లగ్గులకి రెండు బల్లపరుపు పిన్నులు, 100 వోల్టులు.

పదో రోజు ఒసాకా నుంచి వస్తూ అమ్మ కళ్ళజోడు పెట్టె రైల్లో మర్చిపోయింది. స్టేషన్ ఆఫీసులో నేను ఫోన్‌లో రైలు టైమూ, ఎక్కిన బోగీ నంబరూ చూపించాను. అదృష్టం కొద్దీ అమ్మ ఆ కళ్ళజోడు పెట్టుకున్న ఫోటో కూడా ఉంది. అక్కడి ఉద్యోగి రెండు ఫోన్లు చేశారు, కాగితం మీద ఆ రైలు చివరి స్టేషన్ పేరు రాసిచ్చారు. అక్కడికి వెళ్తే, ఇంకో ఉద్యోగి దాన్ని ఒక కవర్లో పెట్టి, దొరికిన టైము రాసిన చీటీ అంటించి ఇచ్చారు. పోయిన వస్తువు పోలీసుల దగ్గరికి చేరితే యజమాని కోసం 3 నెలలు ఉంచాలని అక్కడి చట్టం. సంతకం పెడుతుంటే అమ్మ చేతులు వణికాయి. కళ్ళజోడు పెట్టుకుని, ఆయన ముఖం బాగా చూసి, దణ్ణం పెట్టింది. ఆయన కూడా వంగి దణ్ణం పెట్టారు.

చివరగా కార్డు సంగతి. టూరిస్టుల కోసం వెల్‌కమ్ సుయికా అని ఒకటి ఉంది, డిపాజిట్ ఉండదు, కానీ 28 రోజుల్లో చెల్లకుండా పోతుంది, మిగిలిన డబ్బులు వెనక్కి రావు. మామూలు సుయికా ఆఖరిసారి వాడిన దగ్గర్నుంచి 10 ఏళ్ళు చెల్లుతుంది. ఇదిగో, నాది వాపసు ఇవ్వలేదు. లోపల ఇంకా 640 యెన్ ఉన్నాయి. అమ్మది కూడా ఆవిడ కళ్ళజోడు పెట్టెలోనే ఉంది.