అందరూ ఒకే మాట అన్నప్పుడు

(మనస్తత్వశాస్త్ర విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మనుషులు గుంపు వెంట నడుస్తారని చెప్పడానికి మనస్తత్వశాస్త్రం అక్కరలేదు. ‘నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా’ అని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. ఎప్పుడు నడుస్తారు, ఎందుకు నడుస్తారు, ఏం జరిగితే ఆగుతారు అన్నవి శాస్త్రం తేల్చవలసిన ప్రశ్నలు. వీటిలో మూడోదే నాకు ముఖ్యం. మన పాఠ్యపుస్తకాలు మొదటి రెండింటికి జవాబు చెప్పి అధ్యాయం ముగించేస్తాయి. దాంతో విద్యార్థికి మనిషి మీద ఒక నిరాశ మాత్రమే మిగులుతుంది. ఆ నిరాశకు పరిశోధనల్లో ఆధారం లేదని చూపించాలన్నదే ఈ రోజు నా ప్రయత్నం.

మీ అందరికీ తెలిసిన ప్రయోగంతోనే మొదలుపెడతాను. 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాల ఆచార్యుడు సాలమన్ ఆష్ ఈ ప్రయోగాలు చేశాడు. ఒక గదిలో ఏడెనిమిది మంది కళాశాల యువకులు కూర్చుంటారు. వారికి ఒక అట్ట మీద ఒక గీత, మరో అట్ట మీద మూడు గీతలు చూపిస్తారు. ఆ మూడింటిలో మొదటి గీతకు సమానమైనది ఏదో వరుసగా పైకి చెప్పాలి. చిన్నపిల్లలకు కూడా కష్టం కాని పని. అయితే అక్కడ నిజంగా పరీక్షకు వచ్చినవాడు ఒక్కడే, అతనిది వరుసలో చివరి నుంచి రెండో స్థానం. మిగిలినవారంతా ఆష్ ముందే మాట్లాడి పెట్టుకున్నవారు. మొదటి రెండుసార్లు అందరూ సరైన జవాబే చెబుతారు. మూడోసారి ఒకరి తరువాత ఒకరు, ఏ తడబాటూ లేకుండా, ఒకే తప్పు జవాబు చెబుతారు. మొత్తం పద్దెనిమిది సార్లలో పన్నెండు సార్లు ఇలాగే జరుగుతుంది.

మూడు విద్యాసంస్థలకు చెందిన 123 మంది యువకులను ఆష్ ఇలా పరీక్షించాడు. ఒంటరిగా చెప్పినప్పుడు వందకు ఒక తప్పు కూడా రాని పనిలో, గుంపు ఎదుట వారి జవాబుల్లో 36.8 శాతం తప్పు వైపు మొగ్గాయి. సుమారు ముప్పావు వంతు మంది కనీసం ఒక్కసారైనా తమ కళ్లను కాదని గుంపుతో గొంతు కలిపారు. గీతల మధ్య తేడా ఏడు అంగుళాలు ఉన్నప్పుడు కూడా లొంగినవారున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ‘మూడో వంతు మంది గుంపుకు లొంగిపోయారు’ అని గైడ్లలో రాసి ఉంటుంది. అది తప్పు. ఆ మూడో వంతు జవాబుల లెక్క, మనుషుల లెక్క కాదు. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. దాదాపు మూడింట రెండు వంతుల జవాబులు, అంతమంది ఎదుట, ఒంటరిగా, సరైనవే వచ్చాయి. సుమారు పావు వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. ఆష్ తన ఫలితాలను చూసి విచారించాడు కానీ, మనుషులు గొర్రెలని ఎక్కడా అనలేదు. నిలబడినవారి మీద, నిలబడగలిగిన పరిస్థితుల మీద అతనికి అంత శ్రద్ధా ఉండేది. తరువాతి వారు ఆ సగాన్ని వదిలేసి మిగతా సగాన్నే ప్రచారంలో పెట్టారు.

లొంగినవారితో ఆష్ తరువాత మాట్లాడాడు. కొందరు ‘నాదే తప్పు, వాళ్లదే ఒప్పు’ అనుకున్నారట. కొందరు ‘మీ ప్రయోగం పాడుచేయకూడదనుకున్నాను’ అన్నారట. తమలో ఏదో లోపం ఉందని, అది నలుగురికీ తెలియకుండా దాచుకోవాలని అనుకున్నవారూ ఉన్నారు. నాకు వీరి పిరికితనం కంటే వీరి ఒంటరితనమే ఎక్కువ కనిపిస్తుంది. కంటికి కనిపించేది ఒకటి, చుట్టూ ఉన్న ఏడుగురు చెప్పేది మరొకటి అయినప్పుడు ఎవరికైనా కాళ్ల కింద నేల కదులుతుంది.

1955లో మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ జెరార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లొంగుబాటును రెండుగా విడదీశారు. ఒకటి, తెలియని చోట ఇతరులను చూసి తెలుసుకోవాలన్న ఆత్రుత. రెండోది, నలుగురిలో వేరుపడిపోతామేమోనన్న భయం. మొదటిదానికి మంచి ఉదాహరణ ముజఫర్ షెరీఫ్ 1935లో ప్రచురించిన ప్రయోగం. చీకటి గదిలో కదలని చిన్న వెలుగుచుక్కను చూస్తూ ఉంటే అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఎంత దూరం కదిలిందని ఒక్కొక్కరినీ అడిగితే తలా ఒక అంచనా చెబుతారు. ముగ్గురిని కలిపి కూర్చోబెడితే ఆ అంచనాలు క్రమంగా దగ్గరపడి ఒక చోట కుదురుకుంటాయి. ఆ తరువాత మళ్లీ ఒంటరిగా అడిగినా గుంపులో కుదిరిన అంచనానే చెబుతారు. అంటే అది నోటిమాటతో ఆగలేదు, వారు నిజంగానే అలా చూడడం నేర్చుకున్నారు.

పదో తరగతి పాసైన పిల్లవాణ్ని ఏ గ్రూపులో చేర్చాలో తెలియని తండ్రి, వీధిలో అందరూ ఎంపీసీ అంటున్నారని ఎంపీసీలో చేరుస్తాడు. అతను చీకటి గదిలో ఉన్నాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, వెలుగు చూపించాలి. అదే తండ్రి, కొడుక్కు లెక్కలు రావని తెలిసి కూడా బంధువుల్లో చిన్నతనమని ఎంపీసీలో చేరిస్తే అది రెండో రకం. అక్కడ సమాచారం ఎంత ఇచ్చినా మార్పు రాదు. మన అవగాహన సదస్సులు చాలావరకు ఎందుకు వృథా అవుతున్నాయో ఈ తేడా చెబుతుంది. భయం ఉన్న చోట మనం సమాచారం పంచుతున్నాం.

ఇప్పుడు నాకు ముఖ్యమైన ప్రశ్నకు వస్తాను. ఏం జరిగితే మనిషి ఆగుతాడు?

ఆష్ తన ప్రయోగాన్ని రకరకాలుగా మార్చి చూశాడు. ఎదురుగా ఒక్కరే తప్పు చెబితే ఎవరూ దాదాపు చలించలేదు. ఇద్దరైతే 13.6 శాతం తప్పులు, ముగ్గురైతే 31.8 శాతం. అంతకుమించి ఎంతమందిని చేర్చినా ఒత్తిడి పెద్దగా పెరగలేదు. ఆ తరువాత గుంపులో ఒకరి చేత సరైన జవాబు చెప్పించాడు. తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ వేరుపడిన వ్యక్తి చేత గుంపు చెప్పినదానికంటే ఘోరమైన తప్పు చెప్పించినప్పుడు కూడా తప్పులు 9 శాతానికి తగ్గాయి! ఆ వ్యక్తి ఒప్పు చెప్పనక్కరలేదు, గుంపుతో ఏకీభవించకపోతే చాలు. ఒకరు విడివడగానే ‘ఇక్కడ వేరే మాట అనవచ్చు’ అన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది.

ఇంకో రూపం ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. సరైన జవాబు చెబుతున్న ఆ తోడు మధ్యలో గుంపువైపు మారిపోతే, తప్పులు మళ్లీ 28.5 శాతానికి ఎగబాకాయి. అలా కాకుండా, డీన్‌ను కలవాలని చెప్పి మర్యాదగా గదిలో నుంచి వెళ్లిపోతే, అతను ఇచ్చిన ధైర్యం అతను వెళ్లిన తరువాత కూడా నిలిచింది. తోడు దూరమైనా ఫరవాలేదు, తోడు మాట మార్చకూడదు. ఉద్యమాల్లో పనిచేసినవారికి ఈ ఫలితం లోతు నేను చెప్పనక్కరలేదు.

ఆష్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961, 62 సంవత్సరాల్లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన విద్యుదాఘాతాల ప్రయోగాలు మరీ ప్రసిద్ధం. మీటలు నొక్కేవారిని ఎదుటివాడికి నిజంగా షాక్ తగులుతోందని నమ్మించి, షాక్ పెంచుతూ ‘కొనసాగించండి’ అని ప్రయోగకర్త చెబుతూ పోతే, 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. ఈ ప్రయోగాల మీద నైతికంగానూ, పద్ధతిపరంగానూ ఎన్నో విమర్శలున్నాయి. వాటిలో చాలావాటితో నేను ఏకీభవిస్తాను. అయినా ఒక రూపం గురించి తప్పక చెప్పాలి. పక్కన కూర్చున్న ఇద్దరు, వారు మిల్‌గ్రామ్ మనుషులే, మధ్యలో లేచి ‘మేం చేయం’ అన్నప్పుడు, 40 మందిలో చివరిదాకా వెళ్లినవారు నలుగురే. అదే విశ్వవిద్యాలయం, అదే యంత్రం, అవే ఆజ్ఞలు. తేడా అంతా పక్కవారిదే.

ఇక మౌనం సంగతి. 1968లో బిబ్ లాటానే, జాన్ డార్లీ ఒక గదిలో మనిషిని ప్రశ్నాపత్రం నింపమని కూర్చోబెట్టి, గోడలోని రంధ్రం నుంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం లేచి వెళ్లి చెప్పారు. పట్టించుకోనట్టు నటించే మరో ఇద్దరిని పక్కన పెడితే, పది మందిలో ఒక్కరే లేచారు. మిగిలినవారు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ, ప్రశ్నాపత్రం నింపుతూనే ఉన్నారు. లోపల అనుమానం ఉన్నా పైకి నిబ్బరంగా కనిపించడం మనకు అలవాటు. కానీ పక్కవాడి నిబ్బరం మాత్రం నిజమేనని నమ్ముతాం.

మన పెళ్లి మాటల్లో నాకు ఈ పొగ గది కనిపిస్తుంది. ‘మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం’ అంటారు మగపెళ్లివారు. ‘మా తాహతుకు తగ్గట్టు చేస్తాం’ అంటారు ఆడపెళ్లివారు. ఆ గదిలో కూర్చున్నవారిలో కొందరికి మనస్ఫూర్తిగా కట్నం అంటే ఏవగింపు. కానీ అది తమ ఒక్కరికేనని, మిగిలినవారికి అది మామూలేనని ప్రతివారూ అనుకుంటారు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది. కట్నం మీద ఆశ తక్కువేమీ లేదు, దాన్ని నేను కాదనను. కానీ ఆశపడేవారి బలమంతా అయిష్టంగా ఊరుకున్నవారి మౌనంలో ఉంది.

ఈ మౌనాన్ని మనం చేసే ప్రచారమే మరింత గట్టిపరుస్తున్నదని నా ఆవేదన. అమెరికాలోని అరిజోనాలో శిలాజ వృక్షాల జాతీయ వనం ఒకటి ఉంది. చూడవచ్చినవారు రాతిగా మారిన చెక్క ముక్కలను పట్టుకుపోతూ ఉంటారు. రాబర్ట్ చాల్దీని బృందం అక్కడ బాటల పక్కన గుర్తు పెట్టిన ముక్కలను ఉంచి, రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. ‘చాలామంది ఇలా పట్టుకుపోవడం వల్ల వనం పాడైపోతోంది’ అన్న బోర్డు దగ్గర దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకుపోకండి’ అన్న బోర్డు దగ్గర 2 శాతం కూడా పోలేదు. ‘సమాజమంతా కట్నంలో మునిగిపోయింది’, ‘ఓటుకు డబ్బు తీసుకోనివారే లేరు’ అని వేదికల మీద గుండెలు బాదుకుంటున్నప్పుడు మనం మొదటి రకం బోర్డు పెడుతున్నాం. తీసుకోనివారున్నారు. వారి గురించి పైకి చెప్పండి, వారి చేత మాట్లాడించండి.

తెలుగునేల మీద దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. వితంతువుల పునర్వివాహాన్ని అనుమతిస్తూ 1856లోనే చట్టం వచ్చింది. అయినా పాతికేళ్ల పాటు మన దగ్గర ఎవరూ ముందుకు రాలేదు. అనుమతి కాగితం మీద ఉంది, వెలి భయం వీధిలో ఉంది. కందుకూరి వీరేశలింగం 1879లో బహిరంగంగా ఈ విషయం మాట్లాడడం మొదలుపెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. కొద్ది రోజుల్లోనే రెండోది జరిగింది. నాలుగు రోజుల తేడాతో వచ్చిన ఆ రెండో పెళ్లికి మనం తగినంత విలువ ఇవ్వడం లేదు. మొదటిది ఒక వింతగా మిగిలిపోయే ప్రమాదం ఉంది, రెండోదానితో అది సాధ్యమైన పనిగా మారింది. పెళ్లిలో పాల్గొన్నవారికి వెలి తప్పలేదు. విద్యార్థులు అండగా నిలిచారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో ఆదుకున్నారు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ ఆ కష్టాలన్నిటిలో ఇంటిని మోశారు. ఒక్క మనిషి నిలబడ్డాడని కథగా చెప్పుకుంటాం కానీ, అక్కడ నిలబడింది ఒక చిన్న గుంపు.

చిన్న గుంపు పెద్ద గుంపును ఎలా కదిలిస్తుందో సెర్జ్ మాస్కొవిచీ 1969లో ఫ్రాన్సులో పరీక్షించాడు. ఆరుగురిలో ఇద్దరు నీలిరంగు చిత్రాలను పట్టుదలగా ప్రతిసారీ ‘ఆకుపచ్చ’ అంటూ పోతే, మిగిలిన నలుగురి జవాబుల్లో 8 శాతానికి పైగా ఆకుపచ్చకు మారాయి. ఆ ఇద్దరూ ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి నీలం అంటే ఎవరూ లెక్కచేయలేదు. ఎనిమిది శాతం చిన్న సంఖ్యే, పైగా అది అబద్ధం కోసం సాధించిన సంఖ్య. పట్టుదల సత్యానికీ అసత్యానికీ ఒకేలా పనిచేస్తుందని కూడా దీనితోపాటు గుర్తుపెట్టుకోవాలి.

భారతీయులు మరీ ఎక్కువగా గుంపుకు లొంగుతారా అని విద్యార్థులు తరచూ అడుగుతారు. 1996లో బాండ్, స్మిత్ 17 దేశాల్లో జరిగిన 133 అధ్యయనాలను కలిపి చూశారు. సమష్టి జీవనానికి విలువ ఇచ్చే దేశాల్లో లొంగుబాటు ఎక్కువేనని, అమెరికాలో అది 1950ల నుంచి తగ్గుతూ వచ్చిందని తేలింది. ఒకే దేశంలో కాలంతోపాటు మారేది రక్తంలో ఉన్న గుణం కాజాలదు. అంతకుమించి దీనిమీద ఆగను.

ఇక్కడ చాలామంది అధ్యాపకులున్నారు కాబట్టి ఒక విన్నపం. మీ సమావేశాల్లో పెద్దవారు చివర మాట్లాడండి. ప్రిన్సిపాల్ ముందుగా అభిప్రాయం చెప్పేసి ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని అడిగితే వచ్చే మౌనానికి విలువ లేదు. చర్చకు ముందే ప్రతివారి చేతా అభిప్రాయం రాయించండి. జవాబులను పైకి చెప్పకుండా రాసి ఇవ్వమన్నప్పుడు ఆష్ ప్రయోగంలో లొంగుబాటు బాగా తగ్గిపోయింది. ధైర్యవంతుల కోసం ఎదురుచూడడం కంటే, మామూలు మనిషి కూడా నిజం చెప్పగలిగే ఏర్పాటు చేయడం మన చేతిలో ఉన్న పని.

ఇప్పుడు ప్రశ్నల సమయం. చేతులెత్తమని నేను అడగబోవడం లేదు. మీ వరుసల్లో తెల్లకాగితాలు పంచుతున్నారు. పేరు రాయనక్కరలేదు. నేను చెప్పినదాంట్లో మీరు ఒప్పుకోని మాట ఏదైనా ఉంటే ముందు అదే రాయండి. చీటీలు చేతికి వచ్చిన వరుసలోనే, ఏదీ పక్కన పెట్టకుండా, పైకి చదివి జవాబు చెబుతాను.