ఆఫీసు కాఫీ మెషీన్: డబ్బు మిగిలేది ఎక్కడ?

అందరికీ నమస్కారం.

ఆఫీసుకు కాఫీ మెషీన్ కొందామనగానే అందరూ ముందు అడిగేది దాని ధర ఎంత అని. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది రోజుకు ఎన్ని కప్పులు తాగుతారన్నది. మెషీన్‌ని ఒక్కసారే కొంటాం, కాఫీని మాత్రం నెలనెలా కొంటూనే ఉంటాం. గింజలు పొడి చేసి కాఫీ ఇచ్చే మెషీన్‌లో కప్పుకు సుమారు 8 గ్రాములు పడతాయి. రోజుకు 50 కప్పులు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే దాదాపు 9 కిలోల గింజలు.

ఇప్పుడు క్యాప్సూళ్ల సంగతి, అంటే ఒక్కో కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపి మూసిన చిన్న డబ్బీలు. మెషీన్ చవగ్గా వస్తుంది కాబట్టి చాలామంది అటే మొగ్గుతారు. ఒక్కో క్యాప్సూల్‌లో సాధారణంగా ఉండేది 5, 6 గ్రాముల పొడి. మీరు కొనే క్యాప్సూల్ ధరను 180తో గుణించండి. కిలో కాఫీకి మీరు ఇస్తున్నది రమారమి అంత. దాన్ని మంచి గింజల కిలో ధర పక్కన పెట్టి చూస్తే ఇంకొకరు చెప్పక్కర్లేదు. అలాగని క్యాప్సూల్ ఎప్పుడూ నష్టమే అనను. నలుగురే ఉండి, రోజుకు ఐదారు కప్పులే పోయేచోట అదే నయం. అక్కడ గింజల ప్యాకెట్ విప్పితే అది అయిపోయేలోపే వాసన పోతుంది.

వేడినీళ్లు పొడి గుండా దిగి జగ్గులోకి కాఫీ చేరే ఫిల్టర్ మెషీన్‌లో నాకు బాధ కలిగించేది పారబోత. లీటరు కాఫీకి దాదాపు 60 గ్రాముల పొడి వేస్తాం. సాయంత్రం అర లీటరు సింకులో పోస్తే 30 గ్రాములు పోయినట్టే. నెలకు 660 గ్రాములు! వేడి పలక మీద జగ్గు ఉంచేస్తే కాసేపటికి కాఫీ చేదెక్కుతుంది, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఫ్లాస్కులోకి దిగే మెషీన్ తీసుకోండి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు కాయండి. అలాగని జగ్గు ఖాళీగా ఉన్నా నష్టమే, జనం టైమ్ పోతుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబ్‌లో 1991లో కాఫీ జగ్గు మీద ఏకంగా కెమెరానే పెట్టారు. తీరా అక్కడిదాకా వెళితే జగ్గు ఖాళీగా ఉంటోందని!

ఇక నీళ్లు. సున్నం లాంటి లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు కాగినకొద్దీ బాయిలర్ లోపల తెల్లటి సున్నం పొర కడుతుంది. ఆ పొర వేడిని అడ్డుకుంటుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, చివరికి గొట్టాలు మూసుకుపోతాయి. తయారీదారు చెప్పిన మందుతో, చెప్పిన గడువులో శుభ్రం చేయిస్తే పెద్ద రిపేరు తప్పుతుంది. ఈ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించండి. అందరిదీ అంటే ఎవరూ చేయరు. రాత్రిళ్లు బాయిలర్ వేడిగా ఉండాల్సిన అవసరం లేదు, టైమర్ పెట్టండి.

ఒక్కచోట మాత్రం పొదుపు వద్దని గట్టిగా చెబుతాను. నాసిరకం పొడి కొనకండి. కాఫీ బాగోలేకపోతే మనవాళ్లు బయటికెళ్లి సొంత డబ్బుతో తాగుతారు. ఆ భారం ఎక్కువగా తగిలేది కొత్తగా చేరిన, తక్కువ జీతం ఉన్నవాళ్లకే.

మెషీన్ అద్దెకు తీసుకునేవాళ్లు సంతకానికి ముందు మూడు విషయాలు చూడండి: నెలకు ఇన్ని కిలోలు వాళ్ల దగ్గరే కొనాలన్న షరతు ఉందా, సర్వీసు ఖర్చు ఎవరిది, పాడైతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు. రెండు వారాలపాటు కప్పుల లెక్క రాసి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని బేరానికి కూర్చోండి.

ఇప్పటికే లెక్క రాసుకుని తెచ్చినవాళ్లు ఇక్కడ ఉంటే, ప్రశ్నలు వాళ్లతోనే మొదలుపెడదాం.