కాగితం మీది నీళ్లు గొట్టంలో పారవు

సభకు నమస్కారం.

లేక్ పావెల్ పైపులైను వద్దనడానికి కారణాలు చాలానే చెబుతారు. ఎడారి పాడవుతుందని, ఖర్చు తడిసి మోపెడవుతుందని, నదిలో చేపలు బతకవని. అవన్నీ పట్టించుకోవలసినవే. ఇవాళ మాత్రం ఒక్క లెక్కకే పరిమితమవుదాం: ఆ గొట్టంలో పోయడానికి నీళ్లున్నాయా?

ముందు ప్రతిపాదన ఏమిటో చూద్దాం. అమెరికాలో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనక నిలిచిన జలాశయమే లేక్ పావెల్. అక్కణ్ణుంచి సుమారు 140 మైళ్ల పొడవునా 69 అంగుళాల వ్యాసమున్న గొట్టం వేసి, ఉటా రాష్ట్రం నైరుతి మూలనున్న సెయింట్ జార్జ్ ప్రాంతానికి ఏటా 86,249 ఎకరపు అడుగులు తీసుకెళ్లాలి. ఎకరం నేలలో అడుగు ఎత్తున నిలిచే నీరు అక్కడి కొలత. మనకు అలవాటైన లెక్కలో ఇది 3.76 టీఎంసీలు, ఏడాదంతా ఆగకుండా పారితే 119 క్యూసెక్కులు. ఉటా శాసనసభ 2006లోనే దీనికి చట్టం చేసింది.

ఇంత పెద్ద నదికి నాలుగు టీఎంసీలు ఓ లెక్కా అనిపిస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది, ఎందుకంటే కొలరాడో పేరుకు తగ్గంత పెద్ద నది కాదు. నదిని పంచుకునే ఏడు రాష్ట్రాలను 1922 ఒప్పందంలో ఎగువ, దిగువ అని విడదీసి, ఉటా ఉన్న ఎగువ రాష్ట్రాలకు 327, దిగువ రాష్ట్రాలకు 327 టీఎంసీలు రాసుకున్నారు. 1944లో మెక్సికోకు మరో 65 ఇస్తామన్నారు. మొత్తం 719. పంచుకున్న నాటికి ముందరి ఏళ్లు బాగా నీరున్నవి కావడంతో ఆ అంకె అప్పట్లో అతిగా కనిపించలేదు. 2000 తర్వాత నది సహజ ప్రవాహం సగటున 540 టీఎంసీల దగ్గర ఆడుతోంది. అంటే కేటాయింపుకూ ప్రవాహానికీ మధ్య ఏటా 179 టీఎంసీల తేడా ఉంది. ఇన్నాళ్లూ జలాశయాల్లోని పాత నిల్వ ఆ తేడాను కప్పిపెట్టింది.

ఇక ఉటా వాదన. 1948 నాటి ఎగువ పరీవాహక ఒప్పందం ప్రకారం మా వాటా 23 శాతం, అది మేం పూర్తిగా వాడుకోలేదు, మిగిలింది తెచ్చుకుంటాం అంటారు. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే 23 శాతం దేనిలో? నదిలో కాదు, ఎగువకు మిగిలే దానిలో. లీ ఫెర్రీ అనే కొలత స్థానం దగ్గర ఏ పదేళ్లు తీసుకున్నా ప్రవాహం 7.5 కోట్ల ఎకరపు అడుగులకు తగ్గేలా ఎగువ రాష్ట్రాలు చేయకూడదు. అంటే ఏడాదికి సగటున 327 టీఎంసీలు కిందికి పోవాలి. 540లోంచి 327 తీస్తే 213. మెక్సికో వాటాలో సగం భారం, 33 టీఎంసీలు, తీస్తే 180. దిగువ రాష్ట్రమైనా కొంత భాగం ఎగువలో ఉన్న అరిజోనాకు ఇవ్వాల్సిన రెండు తీస్తే 178. అందులో 23 శాతం 41 టీఎంసీలు. ఉటా ఇప్పటికే 43 టీఎంసీల దరిదాపుల్లో వాడుతోంది!

మెక్సికో భారం మాది కాదని ఎగువ రాష్ట్రాలు వాదిస్తాయి. సరే, ఆ 33 తీయకుండానే చూద్దాం. అప్పుడు ఉటా వాటా 48 టీఎంసీలు దాటుతుంది, చేతిలో ఓ అయిదు మిగిలినట్టు కనిపిస్తుంది. జలాశయాల ఆవిరి నష్టంలో ఉటా భాగం తీసేస్తే ఆ అయిదూ దాదాపు హరించుకుపోతాయి. పైగా ఇవన్నీ సగటులే. కరవు ఏడు సగటు చూసుకుని రాదు.

లీ ఫెర్రీ దగ్గర ఇంకో మెలిక ఉంది. గొట్టం ఆ కొలత స్థానానికి పైన నీళ్లు తీసుకుంటుంది. సెయింట్ జార్జ్ ఉన్నదేమో వర్జిన్ నది మీద. ఆ నది దిగువ రాష్ట్రాల జలాశయమైన లేక్ మీడ్‌లో కలుస్తుంది. ఎగువ పరీవాహకం నీళ్లు దిగువ పరీవాహకానికి పోతాయి, కానీ లీ ఫెర్రీ లెక్కలో ఎక్కవు. అమెరికా కేంద్ర ప్రభుత్వ జలవనరుల సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ 2020 జూన్‌లో పర్యావరణ ప్రభావ ముసాయిదా విడుదల చేస్తే, సెప్టెంబరులో మిగతా ఆరు పరీవాహక రాష్ట్రాలూ తుది నివేదిక ఆపమని ఉమ్మడిగా లేఖ రాశాయి. తేలని చట్టపరమైన చిక్కులున్నాయన్నదే వాటి అభ్యంతరం. నీళ్ల దగ్గర ఎప్పుడూ పేచీ పడే ఆరు రాష్ట్రాలు ఒక్క మాట మీదికి వచ్చాయంటే ఆలోచించండి.

రెండు మంచి వానాకాలాలు వస్తే నది మళ్లీ కోలుకోదా? ఈ తగ్గుదల వాన ఒక్కదాని మీద ఆధారపడింది కాదు. నదికి నీరు కొండల్లో కరిగే మంచు నుంచి వస్తుంది. వేడి పెరిగితే మంచు ముందే కరుగుతుంది, ఎండిన నేల మొదట తన దాహం తీర్చుకుంటుంది, చెట్లు ఎక్కువ తాగుతాయి, మిగిలిందే వాగుల్లోకి వస్తుంది. 2021లో మంచు సగటుకు కాస్తే తక్కువ. లేక్ పావెల్‌లోకి ఏప్రిల్–జూలై మధ్య వచ్చిన నీరు మాత్రం సగటులో మూడో వంతుకూ చేరలేదు.

ఇప్పుడు జలాశయం దగ్గరికి వద్దాం. పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి 3,700 అడుగుల ఎత్తు. 3,490 దిగితే విద్యుత్ టర్బైన్లకు నీళ్లివ్వకూడదు. సుడి లేచి గాలి లోపలికి లాగేస్తుంది. ఆ తర్వాత నీళ్లు కిందికి వదలడానికి నాలుగు ఉక్కు గొట్టాలే దిక్కు. 3,370 దగ్గర అవీ ఆగిపోతాయి. 2023 తొలి నెలల్లో మట్టం 3,520 దాకా దిగింది, అంటే టర్బైన్ల హద్దుకు 30 అడుగులే పైన. ఆ వసంతంలో నాలుగు గొట్టాల ద్వారా ఎక్కువ నీరు వదిలాక చూస్తే, నీటి బుడగలు పగిలే దెబ్బకు లోపలి పూత కొట్టుకుపోయింది. ఆ గొట్టాలు ఏళ్ల తరబడి భారం మోయడానికి కట్టినవి కావు. ఇంత ఇరుకులో ఉన్న జలాశయానికి ఇంకో తూము పెడతామంటున్నారు.

కరెంటు సంగతి క్లుప్తంగా. నీటిని సుమారు 2,000 అడుగులు ఎత్తాలి. పంపుల సామర్థ్యం 80 శాతం అనుకుంటే ఘనపు మీటరుకు రెండు యూనిట్లకు పైగా, ఏడాదికి 22 కోట్ల యూనిట్లు. రాపిడి నష్టం వేరు. దిగే వైపు టర్బైన్లు పెట్టి కొంత రాబట్టుకోవచ్చు కాబట్టి ఈ వాదన మీద నేనంతగా ఆధారపడను. గొట్టం వేయడానికి చేసే అప్పు అలా కాదు. ఖర్చు 110 నుంచి 180 కోట్ల డాలర్లని అధికారిక అంచనాలే చెప్పాయి. గొట్టంలో నీళ్లు సగమే వచ్చినా వాయిదా పూర్తిగా కట్టాలి. అప్పుడు నీటి రేటు పెంచుతారు, జనం వాడకం తగ్గిస్తారు, రాబడి పడిపోతుంది, మళ్లీ రేటు పెంచుతారు.

మరి సెయింట్ జార్జ్ పెరగొద్దా? పెరగనివ్వండి. పక్కనే ఉన్న లాస్ వేగస్‌ను చూడండి. అక్కడ చదరపు అడుగు పచ్చిక తీసేసి ఎడారి మొక్కలు పెడితే ఏటా 55 గ్యాలన్లు మిగులుతాయని లెక్క. వెయ్యి ఎకరాల పచ్చిక తీస్తే 7,300 ఎకరపు అడుగులు, అంటే టీఎంసీలో మూడో వంతు. దీనితోనే 3.76 టీఎంసీలూ పూడవు, ఒప్పుకుంటాను. వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడటం, పంపిణీలో లీకులు మూయడం, ఎక్కువ వాడేవారికి ఎక్కువ రేటు వేయడం తోడవ్వాలి. మిగిల్చిన నీటిని కొత్త గోల్ఫ్ మైదానాలకు రాసివ్వకుండా కరవు ఏటికి ఉంచుకోకపోతే ఇదంతా వృథా.

పైపులైను ఫైలు మళ్లీ కదిలినప్పుడు అభ్యంతర పత్రంలో మొదట అడగాల్సింది ఇది: ప్రవాహం వరుసగా అయిదేళ్లు 450 టీఎంసీలే ఉంటే, లేక్ పావెల్ 3,490కి దిగితే, ఈ గొట్టానికి ఆ ఏడు ఎన్ని క్యూసెక్కులు ఇస్తారు, ఎవరి వాటాలోంచి ఇస్తారు? జవాబు ఏడాదివారీ పట్టికగా కావాలి. సగటు అంకెతో సరిపెడితే తిప్పి పంపండి.