మెదడు నాళాల లోపలి పొర

అధ్యక్షులకు, గ్రంథాలయ నిర్వాహకులకు, అమలాపురం పెద్దలకు నమస్కారం.

పక్షవాతం గురించి మాట్లాడమన్నారు. ఆ పేరు వినగానే మన దృష్టి పడిపోయిన చేతి మీదికి, కాలి మీదికి పోతుంది. నాటువైద్యమని పావురం నెత్తురు రాసేదీ అక్కడే. నిజానికి ఆ చేతికి జబ్బేమీ లేదు. జబ్బు మెదడులో ఉంది, ఇంకా సరిగా చెప్పాలంటే మెదడుకు నెత్తురు తెచ్చే నాళంలో ఉంది. మనల్ని మనం మరీ నిందించుకోనక్కరలేదు, పరిశోధకులు కూడా చాలాకాలం నాళాన్ని వదిలేసి నాడీకణాల వెంటే పడ్డారు. ఎలుకల్లో నాడీకణాలను కాపాడిన మందులు వందల్లో వచ్చాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అన్నీ చతికిలబడ్డాయి. నాడీకణాన్నీ, దాన్ని అంటిపెట్టుకున్న రక్తనాళాన్నీ విడదీసి చూడకూడదన్న ఆలోచన గట్టిపడింది 2001 ప్రాంతంలోనే.

రక్తనాళం లోపలి గోడ మీద ఒకే ఒక్క వరుస కణాలు పరచుకొని ఉంటాయి. వీటిని ఎండోథీలియల్ కణాలంటారు. మెదడులోని అతి సన్నని కేశనాళికల దగ్గర చాలాచోట్ల ఒక్క కణమే గుండ్రంగా తిరిగి, తన అంచును తానే పట్టుకొని గొట్టమైపోతుంది. ఎర్రకణం కూడా అందులోంచి వంగి దూరవలసిందే. శరీరంలో మిగతా చోట్ల ఈ కణాల మధ్య కాస్తో కూస్తో సందులుంటాయి. మెదడులో మాత్రం అంచుకు అంచు అతుక్కుపోయి ఉంటాయి. నెత్తురులో తిరిగే ప్రతి పదార్థమూ మెదడులోకి చొరబడకుండా ఆపేది ఈ అతుకులేనని 1967లో రీస్, కార్నోవ్‌స్కీ అనే పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించారు.

ఈ పొర ఊరికే గోడకు పూసిన పూత కాదని తెలిసిన వైనం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేసి చూస్తున్నారు. ఒక్కోసారి ముక్క సడలేది, ఒక్కోసారి బిగుసుకునేది. మందు అదే, ధమనీ అదే. ఆరా తీస్తే తేలిందేమిటంటే, సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర రాసుకుని ఊడిపోయిన ముక్కలు సడలడం లేదు. నాళాన్ని సడలించే సంకేతం ఆ పొరలోనే పుడుతోందన్నమాట. 1980లో ఈ సంగతి ప్రచురించారు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998లో ఆయనకు, ఇగ్నారో, మురాద్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు పక్షవాతం, అంటే డాక్టర్లు స్ట్రోక్ అనేది, వచ్చే వేళకు వద్దాం. మెదడు బరువు మన ఒంట్లో 2 శాతమే, ఆక్సిజన్ మాత్రం సుమారు 20 శాతం వాడుకుంటుంది. నిల్వ దాదాపు సున్న. నెత్తురు గడ్డ కట్టి నాళానికి అడ్డుపడితే, నేరుగా ఆ నాళం మీదే ఆధారపడిన భాగం నిమిషాల్లో పోతుంది. దాని చుట్టూ ఉన్న భాగం కథ వేరు. దాళ్వాలో కాలువకు నీళ్లు ఆగిపోతే శివారు చేలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. నేల నెర్రెలిస్తుంది, ఆకు చుట్టుకుపోతుంది, పైరు మాత్రం ఇంకా చావదు. పక్క బోదె నుంచి కాస్త మళ్లిస్తే కొన్నాళ్లు నిలబడుతుంది. మెదడులో కూడా పక్క ధమనుల నుంచి అడ్డదారి నాళాలుంటాయి. వాటిని వెడల్పు చేసే పనిలో ఎండోథీలియల్ కణాలు విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్‌కు పెద్ద పాత్ర ఉంది. ఇవే కణాలు నాడీకణాలు బతకడానికి తోడ్పడే పోషక ప్రోటీన్లను కూడా వదులుతాయి.

గడ్డ సంగతి కూడా ఇవే చూస్తాయి. గడ్డను కరిగించే టీపీఏ అనే ప్రోటీన్‌ను ఈ కణాలు స్వయంగా తయారు చేస్తాయి. ఆసుపత్రిలో ఇచ్చే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ అదే ప్రోటీన్‌కు ప్రయోగశాల రూపం. కరగని గడ్డలను ఏం చేస్తాయో 2010లో ఒక బృందం బతికున్న ఎలుక మెదడులో చూసింది. మెరిసే రంగు వేసిన చిన్న చిన్న గడ్డలను నాళాల్లోకి పంపి రోజుల తరబడి గమనించారు. ఎండోథీలియల్ కణం తన పొరను సాగదీసి గడ్డ మీదికి కప్పింది. గడ్డకూ నెత్తురుకూ మధ్య కొత్త గోడ లేచింది. తర్వాత పాత గోడ తెరుచుకుని గడ్డ నాళం బయటికి పోయింది, నెత్తురు మళ్లీ పారింది. ముసలి ఎలుకల్లో ఇదంతా బాగా ఆలస్యమైంది. ఇది అతి సన్నని నాళాల ముచ్చట, పైగా ఎలుకల్లో. పెద్ద ధమని మూసుకుపోతే ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం.

ఈ కణాల ఓపికకూ ఒక హద్దు ఉంటుంది కదా. గంటలు గడిచేకొద్దీ అతుకులు వదులవుతాయి. నీరు మెదడులోకి ఊరి వాపు వస్తుంది. అప్పుడు నెత్తురు ఒక్కసారిగా తిరిగొస్తే బలహీనపడిన గోడ చిట్లి రక్తస్రావం కావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా 4.5 గంటల గడువు పెట్టడానికి ఇదొక ముఖ్య కారణం. గడ్డను తీగతో బయటికి లాగే చికిత్సను ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల దాకా చేస్తున్నారు. ఆ ఎంపికలో పక్కదారుల నెత్తురు ఇంకా ఎంత మెదడును నిలబెట్టిందన్నదే కీలకం.

ఇంత చేసే పొరను మనం ఏం చేస్తున్నాం? అదుపులో లేని బీపీ, షుగర్ దాన్ని ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. పొగ నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది. లంక పొగాకు చుట్ట మన దగ్గర ఒక మర్యాద అయి కూర్చుంది, ఆ మర్యాదను నేను ఏ మాత్రం మన్నించను. రోజూ వేగంగా నడిస్తే మాత్రం, పెరిగిన నెత్తుటి ప్రవాహపు ఒరిపిడికి ఈ కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారు చేస్తాయి.

గోదావరి లంక గ్రామాల నుంచి వచ్చినవారికి ఒక మాట. మీకు రేవు దాటే సమయం కూడా గడువులోకే వస్తుంది. మూతి వంకర పోయినా, చేయి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోను చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. రక్తస్రావం కాదని స్కాన్‌లో తేలితేనే ఇంజెక్షన్ ఇస్తారు. అక్కడ డాక్టరు మొదట అడిగేది, మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడని. గడువు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది, మీరు చూసినప్పటి నుంచి కాదు. రాత్రి పడుకునే ముందు ఆయనతో ఎవరు మాట్లాడారో వారిని కూడా అంబులెన్సులో ఎక్కించండి, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.